స్కూల్లో కౌన్సెలర్ ఎందుకు? ఒక ఫోను కాల్, వందేళ్ల కథ

పోయిన ఏడాది ఆగస్టులో ఒక మంగళవారం మధ్యాహ్నం. పప్పు కుక్కర్ మూడో విజిల్ కోసం చూస్తుండగా ఫోను మోగింది. మావాడి స్కూలు నుంచి. ఎవరో ఆడమనిషి, మెత్తటి గొంతు. "నేను స్కూల్ కౌన్సెలర్ని అమ్మా. మీ బాబు గురించి ఒకసారి మాట్లాడాలి. కంగారేమీ లేదు, రేపు పది గంటలకి రాగలరా?" అంది.

కంగారేమీ లేదు అంటే కంగారు పడని తల్లి ఎక్కడైనా ఉంటుందా? నాకైతే కాళ్లలో సత్తువ పోయింది. మావాడు ఏడో తరగతి. పన్నెండేళ్లు నిండాయి. మొన్నటిదాకా కొంగు పట్టుకుని తిరిగినవాడు, రెండు నెలలుగా గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంటున్నాడు. అడిగితే "ఏం లేదమ్మా" అంటాడు. వయసు అనుకున్నాను.

ఇంకో భయం కూడా ఉంది, దాచుకోను. కౌన్సెలింగ్ అనే మాట మన చెవిన పడేది రెండు చోట్లే. ఒకటి ఎంసెట్ కౌన్సెలింగ్, అంటే సీట్లు పంచేది. రెండోది పోలీస్ స్టేషన్లో మొగుడూపెళ్లాలకి ఇచ్చే కౌన్సెలింగ్. మా వీధిలో ఎవరైనా "వాళ్లబ్బాయిని కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లారట" అంటే దాని అర్థం మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ఆ పూట అత్తయ్యగారికి చెప్పలేదు. మా వారికి కూడా రాత్రి అన్నం తిన్నాక, అదీ పైపైన చెప్పాను. మర్నాడు ఒక్కదాన్నే ఆటో ఎక్కాను.

అక్కడ ఏం జరిగిందో చివర్లో చెప్తాను. అసలీ కౌన్సెలర్ అనే మనిషి బడిలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు పంపారు అని ఆ తర్వాత వారం రోజులు కూర్చుని చదివాను. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, చరిత్రంటే నాకు మొదట్నుంచీ కథే. ముందు ఆ కథ వినండి.

బోస్టన్‌లో మొదలు

అమెరికాలో బోస్టన్ నగరం, 1908 జనవరి. ఆ ఊరి నార్త్ ఎండ్ పేటలో ఇటలీ నుంచి, తూర్పు ఐరోపా నుంచి పొట్ట చేతపట్టుకుని వలస వచ్చిన కుటుంబాలు ఇరుకిరుకు ఇళ్లలో ఉండేవి. వాళ్ల పిల్లలు పన్నెండు, పద్నాలుగేళ్లకే బడి మానేసి ఏ ఫ్యాక్టరీ ముందు దొరికితే అందులో చేరిపోయేవారు. అది నచ్చక మానేసి ఇంకోదానిలోకి వెళ్లేవారు. ఆ పేటలోనే ఫ్రాంక్ పార్సన్స్ అనే పెద్దమనిషి 'వొకేషన్ బ్యూరో' అని ఒక చిన్న ఆఫీసు తెరిచాడు.

ఈయన కథ కూడా తమాషాగా ఉంటుంది. ఇంజనీరింగ్ చదివాడు. బడిపంతులుగా పనిచేశాడు. లాయరయ్యాడు. కాలేజీలో న్యాయశాస్త్రం చెప్పాడు. మేయరు ఎన్నికలో నిలబడి ఓడిపోయాడు. తనకేది తగిన పనో తెలుసుకోవడానికి సగం జీవితం ఖర్చు పెట్టినవాడు కనకనే కాబోలు, పిల్లలకి ఆ తిప్పలు తప్పాలనుకున్నాడు. ఆయన చెప్పింది మూడే ముక్కలు. ముందు నిన్ను నువ్వు తెలుసుకో. తర్వాత లోకంలో ఏయే పనులున్నాయో, వాటిలో కష్టసుఖాలేమిటో తెలుసుకో. ఆ పైన రెండిటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించు. వచ్చిన కుర్రాడికి పెద్ద ప్రశ్నల పట్టిక ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడేవాడు.

పాపం, ఆఫీసు తెరిచిన ఏడాదే, సెప్టెంబరులో, యాభై మూడేళ్లకే పోయాడు. ఆయన పుస్తకం మర్నాటి ఏడాది 1909లో అచ్చయింది. కానీ విత్తనం పడింది. బోస్టన్ బడుల వాళ్లు వందమందికి పైగా టీచర్లని ఎంచి, పిల్లలకి దారి చూపించే పని అప్పజెప్పారు. గమనించండి, పాఠాలు చెప్పే పని మాత్రం తగ్గించలేదు! ఉన్న పని మీద ఇంకో పని. మన టీచర్లు చదివితే "మాకు తెలియనిదా" అని నవ్వుకుంటారు.

దాదాపు అదే రోజుల్లో, 1907లో, మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో జెస్సీ డేవిస్ అనే ప్రిన్సిపాల్ ఇంకో దారి కనిపెట్టాడు. నాకు ఈయన మరీ నచ్చాడు. ఏడో తరగతి నుంచి పైతరగతుల దాకా భాష చెప్పే టీచర్లందరికీ ఒక మాట చెప్పాడు: వారానికి ఒక పాఠం ఇలా వాడండి, పిల్లల చేత వాళ్ల గురించే వ్యాసం రాయించండి. నేనెవర్ని, నాకేది ఇష్టం, ఏమవుదామనుకుంటున్నాను, ఎలాంటి మనిషిగా ఉందామనుకుంటున్నాను అని. వ్యాసరచన పిల్లవాడి మనసులోకి చూసే కిటికీ అని ఒక ప్రిన్సిపాల్‌కి అప్పుడే తోచింది. మేమూ ఏడో తరగతిలో వ్యాసాలు రాశాం. 'ఆవు', 'గ్రంథాలయము', 'విద్యార్థులు - క్రమశిక్షణ'. 'నేను' అనే వ్యాసం ఎవరూ రాయించలేదు.

ఏడు, ఎనిమిది, తొమ్మిది

ఎందుకు ఏడో తరగతి నుంచే? దీనికీ ఒక కథ ఉంది. అప్పట్లో అమెరికాలో ఎనిమిదేళ్లు చిన్నబడి, నాలుగేళ్లు హైస్కూలు. ఎనిమిదో తరగతి గడప దగ్గర చాలామంది పిల్లలు బడికి దండం పెట్టేసేవారు. 1904లో స్టాన్లీ హాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కౌమారం మీద రెండు పెద్ద సంపుటాలు రాసి, ఇది చిన్నతనమూ కాదు పెద్దతనమూ కాదు, దీని తీరే వేరు అన్నాడు. ఈ రెండూ కలిసి జూనియర్ హైస్కూలు అనే ఆలోచనకి ఊపిరి పోశాయి. 1909లో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులకి ఇండియనోలా అనే బడి పెట్టారు. జూనియర్ హైస్కూళ్లలో మొదటిది ఇదేనని సాధారణంగా చెప్తారు. ఆ వయసు పిల్లల్ని కనిపెట్టి దారి చూపించడం ఆ బడుల ముఖ్యమైన పనుల్లో ఒకటి.

కానీ ఏ మంచి పనికైనా మధ్యలో ఎవరి అవసరమో వచ్చి కూర్చుంటుంది కదా. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం 17 లక్షల మందికి పైగా సిపాయిలకి తెలివితేటల పరీక్షలు పెట్టింది. యుద్ధం అయ్యాక ఆ కాగితం పరీక్షలు బడుల్లోకి వచ్చాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడే పని కాస్తా మార్కులు వేసి వరసలో నిలబెట్టే పనిగా మారింది. 1942లో కార్ల్ రోజర్స్ అనే ఆయన ఒక పుస్తకంలో దీన్ని మళ్లీ మనిషి వైపు తిప్పాడు. ముందు సలహా ఇవ్వకండి, వినండి అన్నాడు. ఎదుటివాడి మాట పూర్తిగా వింటే, తన దారి తనే వెతుక్కునే శక్తి వాడిలో ఉంది అన్నాడు. వినడం కూడా ఒక విద్యేనని, అది నేర్చుకుంటేగాని రాదని చెప్పినవాడు ఆయన.

ఆ తర్వాత 1957 అక్టోబరు 4. రష్యా స్పుత్నిక్‌ని ఆకాశంలోకి పంపింది. 83 కిలోల బరువున్న ఆ గోళం అమెరికా బడుల గదుల్లోకి కౌన్సెలర్లని కుప్పలుగా తెచ్చిందంటే నమ్ముతారా? మన పిల్లలు సైన్సులో వెనకబడిపోయారని అమెరికా కంగారుపడి, మర్నాటి ఏడాది 1958లో ఒక చట్టం చేసింది. తెలివైన పిల్లల్ని ఏరి సైన్సు వైపు, లెక్కల వైపు మళ్లించడానికి కౌన్సెలర్లు కావాలన్నారు. వాళ్లకి శిక్షణ ఇవ్వడానికి డబ్బు ఇచ్చారు. మొదట హైస్కూళ్లకే. 1964లో చట్టాన్ని సవరించి చిన్న తరగతులకీ ఇచ్చారు. అంటే బడిలో పిల్లవాడి దిగులు వినడానికి వచ్చిన మనిషిని, మొదట జీతమిచ్చి వేసుకుంది రాకెట్ల కోసం! మన ఫౌండేషన్ కోర్సులు గుర్తొచ్చాయి నాకు. ఆరో తరగతి నుంచే ఐఐటీ అని బోర్డు పెట్టేవాళ్లకీ, 1958 నాటి వాళ్లకీ ఆలోచనలో పెద్ద తేడా ఏముంది?

1963లో విలియం అలెగ్జాండర్ అనే విద్యావేత్త, జూనియర్ హైస్కూలు పేరుకి తగ్గట్టే చిన్న సైజు హైస్కూలుగా తయారైందని, ఆ వయసుకి తగిన బడి కావాలని మాట్లాడాడు. అక్కణ్ణుంచి మిడిల్ స్కూలు ఊపందుకుంది. 1989లో కార్నెగీ సంస్థ వేసిన కమిటీ ఒకటి పది నుంచి పదిహేనేళ్ల పిల్లల చదువుల మీద పెద్ద నివేదిక ఇచ్చింది. అందులో నాకు పట్టుబడిపోయిన మాట ఒక్కటే: బడిలో ప్రతి పిల్లవాణ్నీ బాగా ఎరిగిన పెద్దమనిషి కనీసం ఒక్కరైనా ఉండాలి. అంతే. ఒక్కరు చాలు.

ఇప్పుడు అక్కడి మిడిల్ స్కూలు కౌన్సెలర్ ఏం చేస్తుంది? గదిలో కూర్చుని ఏడ్చే పిల్లల కోసం ఎదురుచూడదు. ఏడాదికి కొన్ని పాఠాలు క్లాసులోనే చెప్తుంది: కోపం వస్తే ఏం చేయాలి, స్నేహితులు వెలివేస్తే ఏం చేయాలి, కొత్త బడికి ఎలా అలవాటుపడాలి. కొందరికి చిన్న గుంపులుగా కూర్చోబెట్టి చెప్తుంది. కొద్దిమందితో విడిగా మాట్లాడుతుంది. వైద్యం అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపుతుంది, తను వైద్యం చేయదు. పిల్లలు చెప్పింది గుట్టుగా ఉంచుతుంది, ప్రాణం మీదికి వచ్చే సంగతి తప్ప. ఒక కౌన్సెలర్‌కి 250 మంది పిల్లలకి మించకూడదని వాళ్ల సంఘం చాలా కాలంగా చెప్తోంది. ఇప్పటికీ దేశం మొత్తం మీద సగటున 370 దాటే ఉంటున్నారు. అంత డబ్బున్న దేశానికీ కుదరలేదు.

మన కర్నూలు డాక్టరుగారు

మరి మన సంగతి? మనకీ ఇది నిన్న మొన్న వచ్చింది కాదు. 1938లోనే కలకత్తా విశ్వవిద్యాలయంలో దీని మీద పని మొదలైంది. 1941లో బొంబాయిలో ఒక వృత్తి మార్గదర్శక కేంద్రం వెలిసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో హైస్కూలు చదువుల మీద ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. అధ్యక్షుడు డాక్టర్ ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్. కవల సోదరుడు రామస్వామి మొదలియార్‌తో పాటు 1887లో మన కర్నూలులో పుట్టి, అక్కడి మునిసిపల్ హైస్కూల్లో చదువుకున్నాయన. మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇరవయ్యేడేళ్లు వైస్ చాన్సలర్. అన్నిటికంటే నాకు ముచ్చటేసిన సంగతి, ఆయన పురుళ్లు పోసే డాక్టరు. ప్రసూతి వైద్యం మీద ఆయన రాసిన పుస్తకం తరతరాల వైద్య విద్యార్థులు చదివారు. వేలమంది బిడ్డల్ని లోకంలోకి తెచ్చే విద్య నేర్పినాయన, ఆ బిడ్డలు పన్నెండేళ్ల వాళ్లయ్యాక వాళ్లకి దారి చూపేవాళ్లు బడిలో ఉండాలని 1953 నివేదికలో రాయించారు. మార్గదర్శక అధికారులు, కెరీర్ మాస్టర్లు కావాలన్నారు. 1954లో ఢిల్లీలో ఒక కేంద్ర సంస్థ కూడా పెట్టారు.

తర్వాత 1964-66 కొఠారి కమిషన్. మార్గదర్శనం ప్రాథమిక బడి నుంచే మొదలవ్వాలి, బడికొకరు కుదరకపోతే కనీసం పది హైస్కూళ్లకి ఒక కౌన్సెలరైనా తిరుగుతూ ఉండాలి అన్నారు. పదింటికి ఒకరు! అరవై ఏళ్ల కిందట అడిగిన ఆ కొంచెం కూడా మన ఊళ్లకి రాలేదు.

రాకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

మా రోజుల్లో ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేది. నా పక్కన కూర్చునే అమ్మాయి చాలా చురుకు. పాటలు పాడేది, అచ్చంగాయలాటలో దాన్ని ఎవరూ ఓడించలేకపోయేవారు. కానీ నోట్సులో అన్నీ తప్పులే. బోర్డు మీది లెక్క ఒకటైతే దాని పుస్తకంలో ఇంకోటి ఉండేది. "మొద్దు" అనేవారు మాస్టారు. మేమూ నవ్వేవాళ్లం, నేనూ నవ్వాను. పరీక్ష తప్పింది. ఆ వేసవిలో పొలం పనులకి వెళ్లింది, జూన్‌లో మళ్లీ బడికి రాలేదు. ఎందుకు రాలేదని అడగడానికి వాళ్లింటికి ఎవరూ వెళ్లలేదు.

ఇరవై ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో కలిసింది. మందపాటి కళ్లద్దాలు. "అప్పుడు నాకు బోర్డు కనపడేది కాదే. అందరికీ అలాగే మసగ్గా ఉంటుందేమో అనుకునేదాన్ని" అని నవ్వుతూ చెప్పింది. నాకు విస్తట్లో ముద్ద దిగలేదు. దాన్ని మొద్దు అనే బదులు ఎదురుగా కూర్చోబెట్టుకుని "ఏమ్మా, నీకు ఎక్కడ ఇబ్బందిగా ఉంది?" అని ఎవరైనా ఒక్కసారి అడిగుంటే సరిపోయేది. కొఠారి గారు అడిగిన పది బళ్ల మనిషి వచ్చి ఉంటే, అడిగేదేమో.

మళ్లీ ఆ బుధవారం

ఇప్పుడు మావాడి సంగతి. ఆ గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, కిటికీలో మనీప్లాంట్. ఆమెకి ముప్పై ఏళ్లు ఉంటాయేమో. ఆ ఏడాదే చేరిందట. మావాడు లెక్కల పీరియడ్‌కి ముందు కడుపునొప్పి అని సిక్ రూముకి వెళ్తున్నాడట, జూలైలోనే ఎనిమిది సార్లు. నర్సమ్మ లెక్క రాసి ఆమెకి చూపించింది. జూన్‌లో మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చారు. మావాణ్ని 'ఎ' నుంచి 'సి'కి వేశారు. ఆ సంగతి నాకు తెలుసు. ఒకటో తరగతి నుంచీ కలిసి తిరిగిన ఇద్దరు స్నేహితులూ 'ఎ'లో ఉండిపోయారని, మధ్యాహ్నం డబ్బా ఒక్కడే మెట్ల మీద కూర్చుని తింటున్నాడని మాత్రం తెలీదు.

"మరి నాకెందుకు చెప్పలేదు వాడు?" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినపడింది.

ఆమె కాసేపు ఆగింది. "మీకు చెప్పడానికి వాణ్నే ఒప్పించాను అమ్మా. 'అమ్మకి చెప్తే బాధపడుతుంది, సి సెక్షన్ వచ్చిన రోజే అన్నం తినలేదు' అన్నాడు" అంది.

నిజమే. ఆ రోజు నేను తినలేదు. "పక్కింటి వాడు ఎ సెక్షన్‌లోనే ఉన్నాడు చూడు" అని కూడా అన్నాను. వాడు నా మాట మర్చిపోయాడనుకున్నాను, నేనే మర్చిపోయాను. మా ఇద్దరి మధ్యలో వాడు నన్ను కాపాడుతున్నాడు, పన్నెండేళ్లవాడు. బడిదెంత తప్పో నాకు తెలీదు, నా తప్పు మాత్రం ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసింది.

దానికి కొన్ని వారాల ముందే, 2025 జూలై 25న, సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. నీట్ శిక్షణ కోసం బెంగాల్ నుంచి మన విశాఖపట్నం వచ్చి, 2023లో ప్రాణాలు పోగొట్టుకున్న పదిహేడేళ్ల అమ్మాయి కేసులో. వందమందికి పైగా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ కనీసం ఒక్కరైనా ఉండాలన్నారు. మార్కుల్ని బట్టి బ్యాచులు విడదీయడం, నలుగురిలో అవమానించడం మానుకోవాలన్నారు. ఆ కన్నతండ్రి తన బిడ్డ తిరిగి రాదని తెలిసి కూడా కోర్టుల చుట్టూ తిరిగాడు. ఆయన తిరిగింది మన పిల్లల కోసం కూడా అనిపించింది నాకు. మొదలియార్ గారి నివేదిక నుంచి ఈ తీర్పుకి డెబ్భై రెండేళ్లు. కాగితం మీది మాట గదిలో కుర్చీగా మారడానికి అంత కాలం పట్టింది. చాలా బళ్లలో ఇంకా మారనేలేదు.

మావాడి సెక్షన్ మారలేదు. పరీక్షలయ్యాక చూస్తామన్నారు. కానీ భోజనాల బెల్లుకి పాత స్నేహితులతో కలిసి కూర్చోనిస్తున్నారు. వారానికోసారి ఆమె దగ్గరికి వెళ్లొస్తాడు. ఏం మాట్లాడారని నేను అడగను. అడగకుండా ఉండటం నేను నేర్చుకుంటున్న కొత్త పాఠం. సిక్ రూముకి వెళ్లడం తగ్గింది, పూర్తిగా మానలేదు.

అత్తయ్యగారికి చెప్పాను చివరికి. తిడతారనుకున్నాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా, "మా కాలంలో మేనత్తలుండేవాళ్లమ్మా. అమ్మకి చెప్పలేనివి వాళ్లకి చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు వీళ్లకెవరున్నారు, జీతమిచ్చి పెట్టుకోవాల్సిందే" అన్నారు. బోస్టన్ నుంచి కర్నూలు దాకా నేను వారం రోజులు చదివింది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేశారు.

మీ పిల్లలు ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉంటే ఈ వారం ఒక పని చేయండి. వాళ్ల స్కూల్లో కౌన్సెలర్ ఉందో లేదో కనుక్కోండి. ఉంటే పేరు తెలుసుకోండి, ఏ గొడవా లేనప్పుడే ఒకసారి పలకరించి రండి. లేకపోతే పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అడిగాక, ఈ సంగతి కూడా అడగండి. మరీ భయమేస్తే, ఏ వేళలోనైనా ప్రభుత్వం వారి టెలిమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

సాయంత్రం నాలుగున్నర అవుతోంది. మావాడి బస్సు వచ్చే వేళ. ఈ మధ్య "మార్కులెన్ని?" అని అడగడం మానేసి, "ఇవాళ డబ్బా ఎవరితో తిన్నావు నాన్నా?" అని అడుగుతున్నాను. ఒక్కోరోజు చెప్తాడు, ఒక్కోరోజు "ఏం లేదమ్మా" అంటాడు. అన్నా సరే, అడుగుతూనే ఉన్నాను.